ప్రెసిడెంటుగారు పడే షాటు

ఉడత సెట్టుకు వచ్చేసరికి ఆమె వేసుకోవలసిన కోటు ఆమె మొగుడి ఒంటిమీద ఉంది.

కాస్ట్యూమ్స్ వ్యానులో దర్జీ అక్క నోట్లో గుండుసూదులు కరిచిపట్టుకుని, అతని నడుము దగ్గర ఆ బూడిదరంగు కోటును వెనకనుంచి బిగించి చూస్తోంది. ఎదురుగా నిలువుటద్దం. అద్దంలో అతను, అతని వెనక వ్యాను మెట్టుమీద ఒక కాలు వేసి అక్కడే ఆగిపోయిన ఉడత. ముందుగా చూసింది దర్జీ అక్కే. నోట్లో సూదులుండటం మంచిదైంది, ఏమీ అనక్కర్లేకపోయింది. అతను అద్దంలోంచే పెళ్ళాన్ని చూసి, చూపు దించుకుని బొత్తాలు పెట్టుకోసాగాడు.

"చంకల దగ్గర పట్టేస్తోందక్కా" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఉడత మెట్టు దిగి వెళ్ళిపోయింది.

వాళ్ళిద్దరూ ఫైటర్లు. సినిమాల్లో తారలు దూకవలసిన చోట, కింద పడవలసిన చోట వాళ్ళ బట్టలు తొడుక్కుని దూకేవాళ్ళు, పడేవాళ్ళు. పనిలోకి వచ్చిన మొదటిరోజే పరంజా మీదికి చరచరా పాకేసిందని ఆమెను ఉడత అన్నారు. ఎటు వంచితే అటు వంగుతాడని అతన్ని రబ్బరు అన్నారు. అతను ఆమెకు మేనత్త కొడుకు. సెట్టులో అందరితోపాటు ఆమె కూడా అతన్ని రబ్బరనే పిలిచేది. ఇంటికి వెళితే బావ.

ఈ సినిమాలో దుండగులు దేశాన్నేలే ప్రెసిడెంటుగారి ఇంట్లో చొరబడతారు. ఇల్లు అంటుకుంటుంది. ప్రెసిడెంటు భద్రత చూసే ఆఫీసరమ్మ ఆయన్ని గదులన్నీ దాటించి బాల్కనీ దాకా లాక్కొచ్చి, ఇంక దారిలేక, ఆయన్ని పొదివి పట్టుకుని కిందికి దూకేస్తుంది. ఆఫీసరమ్మ వేషం హీరోయిన్‌ది. ఆమె మంటల దాకా నడుస్తుంది, పిట్టగోడ మీద చెయ్యి వేస్తుంది, అంతే. అక్కడినుంచి ఉడత. ప్రెసిడెంటు వేషం వేసే ముసలి నటుడు సన్నగా, పొట్టిగా ఉంటాడు కనక ఆయన బదులు రబ్బరు. షూటింగు మొదలైన దగ్గర్నుంచి మొగుడూ పెళ్ళాం సాయంత్రాలు యూనియన్ షెడ్డులో ఆ దూకుడే సాధన చేస్తూ వచ్చారు.

ఇద్దరు కలిసి దూకేటప్పుడు పట్టుకోవటం పెద్ద పని కాదు. పనంతా వదలటంలో ఉంది. పిట్టగోడ దాటేదాకా ఇద్దరూ ఒక్క ఒళ్ళులా ఉండాలి. గాల్లోకి వచ్చాక, కెమెరాకు తెలియకుండా, పట్టుకున్న మనిషి రెండోవాళ్ళను పక్కకు నెట్టి వదిలేయాలి. వదలకపోతే ఒకరిమీద ఒకరు పడతారు, కిందివాళ్ళ పక్కటెముకలు పచ్చడవుతాయి. ప్రెసిడెంటు వెల్లకిలా పడతాడు. ఆయనకు ఆకాశం తప్ప ఏమీ కనపడదు. అందుకని "పద" అని చెప్పేదీ, వదిలేదీ ఆఫీసరమ్మే.

కిందటి వారం నుంచి నడుము పట్టేసిందంటూ రబ్బరు షెడ్డుకు రావటం మానేశాడు. ఆమె నమ్మింది. రాత్రిళ్ళు వేడినీళ్ళ కాపడం కూడా పెట్టింది.

ఫైట్ మాస్టరు బాల్కనీ కింద నిలబడి అట్టపెట్టెలు పేర్పిస్తున్నాడు. ఆయన కుడి మోకాలు సరిగ్గా వంగదు. ఒకప్పుడు ఆయనా ఎవరి బదులో దూకినవాడే. ఉడత రావటం చూసి, చూడనట్టు, ఒక పెట్టె తీసి అటూ ఇటూ తిప్పాడు. ఆమె అడగకముందే చెప్పటం మొదలుపెట్టాడు. ఇంత ఎత్తునుంచి ఆడమనిషి వద్దనుకున్నారట. కిందటి నెల వేరే కంపెనీలో ఎవరో అమ్మాయి తుంటి విరగ్గొట్టుకుందట. కనక ఆఫీసరమ్మగా రబ్బరు విగ్గు పెట్టుకుని దూకుతాడు. ప్రెసిడెంటుగా తన అల్లుడు పడతాడు. ఉడత వంటింట్లో పనిమనిషి. కిటికీ పేలినప్పుడు చేతిలో పళ్ళెంతో పరిగెత్తాలి. అది కూడా తేలికేం కాదు, గాజుపెంకులుంటాయి అన్నాడు, ఓదార్పుగా.

"ఎవరనుకున్నారు మాస్టారూ?"

"ఎవరైతే ఏంటమ్మా. పైనుంచి వచ్చింది."

ఆమె తలెత్తి పైకి చూసింది. పైన బాల్కనీ తప్ప ఏమీ లేదు.

చెప్పులు ఓ పక్కన విడిచి, పెట్టెల దగ్గర కూర్చుంది. పనిమనిషి పరుగు మర్నాటి మధ్యాహ్నం దాకా లేదు. ఊరికే కూర్చోవటం ఆమెకు చేతకాదు. పెట్టెకు టేపు వేయకూడదు. మూతలు లోపలికి మడవాలి. మనిషి పడ్డప్పుడు పెట్టె నలిగి, లోపలి గాలి మెల్లగా బయటికి పోతేనే పడ్డవాళ్ళు లేచి నడుస్తారు. ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చి, చుట్టూ మోకు బిగించి, పైన పరుపులు పరిచి, వాటిమీద టార్పాలిన్ కప్పాలి. ఆమె ఒక్కో పెట్టె నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కి చూసింది. తడి తగిలి మెత్తబడినవి ఏరి అవతల పారేసింది. ఆ పెట్టెలమీద పడబోయేది తన మొగుడే కాబట్టి ఆ చూడటంలో తేడా ఏమీ రానివ్వలేదు.

ముందునుంచి చూస్తే అది నిజంగా ప్రెసిడెంటుగారి ఇల్లే. తెల్లటి స్తంభాలు, పెద్ద మెట్లు, మెట్లకు రెండువైపులా పూలకుండీలు. స్తంభాన్ని వేలితో తడితే డొల్ల. వెనక్కి వెళితే ఇల్లే లేదు. కర్రలూ చెక్కలూ మేకులూ, మధ్యలో ఒక పెద్ద ఫ్యాను, పెయింటరు ఆరేసుకున్న లుంగీ. ఆ పెయింటరు ఇలాంటి ఇంటికి రంగు వేయటం ఇది నాలుగోసారి. ప్రతి డైరెక్టరుకూ ప్రెసిడెంటు ఇల్లే కావాలనీ, కట్టినవాళ్ళే కాల్చేస్తారనీ, ఇందులో ఒక్కరోజైనా ప్రెసిడెంటు కుదురుగా కాఫీ తాగిన షాటు తను చూడలేదనీ గొణుక్కుంటూ మెట్లకు రెండో పూత వేస్తున్నాడు.

ఆ సాయంత్రం రబ్బరు వంటింటి కిటికీకి చిన్నద్దం తగిలించుకుని మీసం గీసేసుకున్నాడు. ముందు కత్తెరతో కత్తిరించి, తరవాత సబ్బు రాసి, పెదవి లోపలికి మడిచి, జాగ్రత్తగా. ఉడత పక్కనే పొయ్యి దగ్గర నిలబడి ఉంది. మూలల్లో కొంచెం మిగిలితే వేలితో చూపించింది. అతను అదీ గీసుకున్నాడు.

పాపను నిద్రపుచ్చి ముందుగదిలో టీవీ చూస్తున్న అత్త మంచినీళ్ళకు లోపలికి వచ్చి, కొడుకును చూసి, చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ముఖాన ఉన్నదే అదొక్కటి. అదీ తీసేశావట్రా."

సినిమాకోసం అన్నాడు. ఏం వేషం అని అడిగింది. అతను తువ్వాలుతో ముఖం అద్దుకుంటూ ఉండిపోయాడు.

"నా వేషమే అత్తా" అంది ఉడత.

అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వెళ్ళి టీవీ గొంతు తగ్గించి వచ్చింది. అన్నాలు తినేటప్పుడు, మాట మార్చటానికే కాబోలు, కథేమిటని అడిగింది. చెబితే విని, ఆ ప్రెసిడెంటుకు ఎప్పుడు చూసినా కొంప అంటుకోవటమే కానీ, పాపం, పాలించేదెప్పుడంది. మామూలు రోజైతే ఇద్దరూ పొలమారేలా నవ్వేవాళ్ళు.

గిన్నెలు సర్దుతూ ఉడత చాలాసేపు చూసింది, అతనేమైనా చెబుతాడేమోనని. చివరికి తనే అడిగింది. మాస్టరు చెప్పాడు, తనేం చేస్తాడన్నాడు రబ్బరు. ఆ మాట గోడకేసి చెప్పాడు. మీసం లేని ముఖం ఎవరిదోలా ఉంది. అబద్ధమో నిజమో ఆ ముఖంలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున రిహార్సలు. బాల్కనీ ఎత్తులో సగాన చెక్కబల్ల కట్టి, కింద పరుపులు వేశారు. మాస్టరుగారి అల్లుడు మంచివాడే. అందరితో నవ్వుతూ ఉంటాడు, అందరికీ టీ తెప్పిస్తాడు. కసరత్తు చేసిన ఒళ్ళు. గోడ దూకమంటే దూకుతాడు, కారు అద్దం పగలగొట్టమంటే భుజంతో పగలగొడతాడు. కానీ వెనక్కి పడటం వేరు. వెనక్కి పడేవాడు చూడాలన్న కోరిక చంపుకోవాలి. అతను రబ్బరు చేతుల్లో రెండుసార్లు బాగానే వెళ్ళి, రెండుసార్లూ మధ్యలో మెడ తిప్పి కిందికి చూశాడు. మాస్టరు గెడ్డం ఛాతీకి ఆనించుకోమని చెప్పాడు. మూడోసారి మెడతోపాటు ఒళ్ళంతా తిరిగింది. చెయ్యి ముందు ఆనింది.

లేచి నవ్వాడు. ఏం కాలేదన్నాడు. ఇంకాసేపటికి మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి. అతన్ని కారెక్కించి ఆస్పత్రికి పంపేశారు.

మాస్టరు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. మర్నాడు సాయంత్రం షాటు. అది కాగానే ఇల్లు మొత్తం తగలబెట్టి, ఆ మైదానం ఖాళీ చేసి అప్పగించాలి. ముసలి నటుడు ఆ తరవాత దొరకడు. మిగిలిన ఫైటర్లంతా దూలాల్లాంటి మనుషులు, వాళ్ళలో ఎవరికీ ప్రెసిడెంటు కోటు భుజాలు దాటదు. ఒకడు నవ్వుతూ, ఆ కోటు పట్టేది ఉడతకేనన్నాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. మాస్టరు నవ్వలేదు. కాసేపు చెవి గోక్కుని ఆమెను పిలిపించాడు.

ఆమె పనిమనిషి గౌనులో, చేతిలో పళ్ళెంతో వచ్చింది.

"వెల్లకిలా పడాలమ్మా" అన్నాడు.

"తెలుసు మాస్టారూ."

"బావనొక మాట అడుగు మరి."

"ఆయన్నెందుకు?"

"ముందు నిన్ను వద్దన్నది వాడేగా. మా ఇంటికొచ్చి కూర్చుని ఎంత బతిమాలాడో. పైగా నా పేరు చెప్పొద్దు అని ఒట్టు కూడా." అంటూనే ఆయన ఆగిపోయాడు. తల పక్కకు తిప్పుకుని, ఎవరో పిలిచినట్టు అటు చూశాడు. ఎవరూ పిలవలేదు.

ఉడత పళ్ళెం కింద పెట్టింది. ఉత్తుత్తి పళ్ళు, మైనంవి. ఒకటి దొర్లిపోతుంటే కాలితో ఆపి, తీసి, మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. కాపడం పెట్టిన గుడ్డ వేడికి వేళ్ళు కాలటం గుర్తొచ్చింది. కోపం అంత పెద్దగా రాలేదు. తల కొట్టేసినట్టయింది, అంతే. ఇన్నాళ్ళూ సెట్టులో ఎవరెవరో ఆడమనిషివి నీకెందుకన్నారు. వాళ్ళందరితో ఆమె తరఫున తగువాడిన మనిషి అతను.

"నేను పడతానని మీరే చెప్పండి మాస్టారూ ఆయనకి" అంది.

మధ్యాహ్నం ఇద్దరూ చెక్కబల్ల మీదినుంచి రిహార్సలు చేశారు. పనికి కావలసిన మాటలు తప్ప మాట్లాడుకోలేదు. ఎడమకాలు ఎక్కడ, నా చెయ్యి నీ నడుముకు ఇంకొంచెం పైన, తల ఆనించుకో. అతను సరిగ్గానే వదిలాడు, ప్రతిసారీ. అరచేతులు మాత్రం చెమటతో తడిగా ఉన్నాయి. ఆమె తువ్వాలు అందించింది. రేపు తనను బాల్కనీ మీంచి వెనక్కి పడేయబోయే మనిషితో ఇవాళ తగువు పెట్టుకోకూడదని ఆమెకు తెలుసు. గుట్టు బయటపడిందని మాస్టరు చెప్పేశాడన్న సంగతి అతని ముఖంలోనే కనపడుతోంది.

మూడోరోజు పొద్దు వాలుతుండగా మంటలు సిద్ధం చేశారు. కిటికీల చట్రాల వెనక గ్యాసు గొట్టాలు బిగించారు. బాల్కనీ కింది అంచున కూడా ఒక గొట్టం పెట్టారు. తడిగోనెలు పట్టుకుని మంటలార్పేవాళ్ళు స్తంభాల చాటున నిలబడ్డారు.

ఉడత తలకు నెరిసిన విగ్గు పెట్టి, పై పెదవికి నెరిసిన మీసం అతికించారు. ప్రెసిడెంటు కోటు సరిగ్గా సరిపోయింది. ముసలి నటుడు కుర్చీలోంచి లేచి వచ్చి, తన వేషంలో ఉన్న ఆ మనిషి చుట్టూ ఒకసారి తిరిగాడు. తను ఒక భుజం కొంచెం వంచి నిలబడతానని చెప్పి, నిలబడి చూపించాడు. ఆమె అలాగే నిలబడింది. ఆయన మెచ్చుకున్నాడు.

"పడేటప్పుడు కాస్త మర్యాదగా పడమ్మా. ఎంతైనా దేశాధ్యక్షుణ్ణి" అన్నాడు.

పైన బాల్కనీ మీద ఇద్దరే. వెనక చెక్కతలుపు అవతల పొగ యంత్రం రొద. రబ్బరు బూడిదరంగు కోటులో, ముడి వేసిన ఆడ విగ్గుతో, పెదాలకు లేతరంగుతో నిలబడి ఉన్నాడు. దూరంనుంచి చూస్తే హీరోయినే. దగ్గర్నుంచి చూస్తే అతని గొంతు ముడి పైకీ కిందికీ కదులుతోంది. ఆమె పిట్టగోడకు వీపు ఆనించింది. అతను ఒక చెయ్యి ఆమె నడుము చుట్టూ, ఒక చెయ్యి మెడ వెనకా వేశాడు. పెట్టెలు ఆమెకు కనపడవు. ఎక్కడున్నాయో ఆమె ఒళ్ళుకు తెలుసు, పేర్చింది తనే కనక. కానీ ఎప్పుడు వదలాలో అతని చేతికే తెలియాలి. నమ్మకం ఉందా అని ఆమె తనను తాను అడగలేదు. అడిగే సమయం కాదు.

కింద కెమెరా తిరిగిందని అరిచారు. కిటికీలు భగ్గుమన్నాయి.

"పద" అన్నాడు.

పిట్టగోడ కిందనుంచి జారిపోయింది. ఆకాశం, మంట, అతని ముఖం. వదలాల్సిన క్షణం వచ్చింది. ఆమె ఒళ్ళు దాన్ని గుర్తుపట్టింది. చెయ్యి వదల్లేదు. ఇంకా బిగిసింది. ఆమె తన అరచేతులతో అతని ఛాతీని నెట్టింది. ఆ నెట్టుడుకే సగం విడివడ్డారు. పరుపుమీద వీపు తగిలేటప్పటికి అతని భుజం ఆమె పక్కటెముకల మీద పడింది.

ఊపిరి పోయింది. కాసేపు రాలేదు. తరవాత ఎవరో తలుపు తెరిచినట్టు ఒక్కసారిగా వచ్చింది. చుట్టూ మాస్టరూ మనుషులూ. వేళ్ళు కదిలించమన్నారు, కదిలించింది. కాళ్ళు, కదిలాయి. లోపలికి గట్టిగా గాలి పీల్చమన్నారు. నొప్పి ఉంది కానీ గుచ్చుకునే నొప్పి కాదు. విరగలేదంది. రబ్బరు పక్కన మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు. అతని తలమీద విగ్గు లేదు. పొట్టిగా కత్తిరించిన జుట్టుతో, పెదాలకు రంగుతో ఆమెనే చూస్తున్నాడు. విగ్గు గాల్లోనే ఊడి, బాల్కనీ అంచున మండుతున్న గొట్టం మీద పడి, కమురు వాసన వేస్తోంది.

డైరెక్టరు గొంతు పెంచే రకం కాదు. తెరమీద షాటు మళ్ళీ వేయించుకుని చూసి, ఇది పనికిరాదన్నాడు. ఆఫీసరమ్మ సగం దూరం మగవాడిలా పడుతోంది. ఇంకో విగ్గు ఉందా అని అడిగాడు. ఉంది కానీ ఊళ్ళో ఉంది, రేపటికి వస్తుందన్నారు. రేపు లేదన్నాడు. వెలుగు ఇంకొక్క షాటుకు సరిపడా ఉంది. పెదవి కొరుక్కుంటూ చుట్టూ చూశాడు. మెట్లమీద కూర్చున్న ప్రెసిడెంటు తలమీది విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుంది. జడ జారి వీపుమీద పడింది.

ఆమె ఆడమనిషా అని అడిగాడు డైరెక్టరు. అవునన్నారు. మరి ఆమెనెందుకు ప్రెసిడెంటును చేశారని అడిగాడు.

ముసలి నటుడు దగ్గాడు. అల్లుడు తెల్లకట్టు కట్టిన చెయ్యి చూసుకున్నాడు. మాస్టరు మాత్రం మోకాలు పట్టుకుని లేచి, బట్టలు మార్చేస్తాం సార్, పెట్టెలు పేర్చుకునేంత టైమివ్వండి అన్నాడు.

పెట్టెలు ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరావు. పైవరస మొత్తం తీసి కొత్తవి వేయాలి. ఆ కాసేపే వాళ్ళిద్దరూ కాస్ట్యూమ్స్ వ్యానులో ఉన్నారు. కోటు రబ్బరుకోసం చంకల దగ్గర వదులు చేసింది కనక మళ్ళీ బిగించాలి. దర్జీ అక్క సూదిలోకి దారం ఎక్కించి, అంతలోనే ఏదో మరిచిపోయినట్టు దాన్ని రబ్బరు చేతిలో పెట్టి దిగిపోయింది.

ఉడత కోటు తొడుక్కుని అతనికి వీపు తిప్పి నిలబడింది. గుండుసూదులు పెట్టకూడదు, పడ్డప్పుడు దిగుతాయి. అతను గుడ్డ మడతపెట్టి పెద్ద పెద్ద కుట్లు వేయసాగాడు.

"వదల్లేదేం బావా?"

"వదిలాననుకున్నా."

కుట్టు ఒకటి పడింది. ఇంకొకటి పడింది.

"నువ్వు పడుతుంటే కింద నిలబడి చూడటం నా వల్ల కావట్లేదు" అన్నాడు. "ఆ వంతెన మీంచి దూకావు చూడు, అప్పట్నుంచీ. నిద్రలో కూడా అదే. నీతో చెబితే ఒప్పుకోవని తెలుసు. అందుకే మాస్టరు దగ్గరికెళ్ళా."

ఆమె అద్దంలో అతన్ని చూసింది. అతను వంగి కుట్టుకేసి చూస్తున్నాడు.

"నువ్వు పడుతుంటే చూస్తున్నదెవరు, ఇన్నేళ్ళూ? పెళ్ళయిన వారానికే మిద్దె మీంచి దూకావు. పాప కడుపులో ఉండగా రైలు మీంచి దూకావు. నేను కింద నిలబడే ఉన్నా. నా వల్ల అవుతోందో లేదో ఒక్కనాడు అడిగావా?"

సూది ఆగింది. బయట పెట్టెల మూతలు మడుస్తున్న చప్పుడు.

"అడగలేదు" అన్నాడు.

"మాస్టరు దగ్గరికి నేనెప్పుడూ వెళ్ళలేదు" అంది ఆమె. "వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నా" అంది.

అతను దారం ముడివేసి, వంగి పళ్ళతో కొరికి తెంపాడు. కుట్టు మీద అరచేయి వేసి, ఎక్కడా ఉబ్బెత్తుగా లేకుండా రెండుసార్లు నిమిరాడు.

మేకప్పతను రబ్బరు పై పెదవికి జిగురు రాసి నెరిసిన మీసం అతికించాడు. నిన్నగాక మొన్న ఉన్నదాన్ని గీయించి ఇవాళ లేనిదాన్ని అంటించుకోవటమేంటయ్యా అని నవ్వాడు. రబ్బరుకూ నవ్వొచ్చింది. కదలొద్దు, మీసం వంకరపోతుందన్నాడు మేకప్పతను.

మళ్ళీ బాల్కనీ. ఈసారి పిట్టగోడకు వీపు ఆనించింది అతను. ఆమె జుట్టు ముడివేసి, బూడిదరంగు కోటులో, అతనికి ఎదురుగా నిలబడింది. అతని భుజంమీంచి ఆమెకు కిందిదంతా కనపడుతోంది. కొత్త పెట్టెలు, టార్పాలిన్ మధ్యలో సున్నంతో గీసిన గుర్తు, చేతులు కట్టుకుని నిలబడ్డ మాస్టరు. అతనికి ఆమె ముఖం తప్ప ఏమీ కనపడదు. ఆమె చెయ్యి నడుముచుట్టూ వేసేసరికి అతని ఒళ్ళు కర్రలా ఉంది. రబ్బరన్న పేరు పెట్టినవాళ్ళు ఇప్పుడు చూడాలి.

"చెప్తావుగా?" అన్నాడు నెమ్మదిగా.

"చెప్తాను."

కింద అరిచారు. వేడి ఒక్కసారిగా ముఖాలకు కొట్టింది. అతని పిడికిలి ఆమె కోటు అంచును పట్టుకుని ఉంది. ప్రెసిడెంటు చేతులు వేలాడుతూ ఉండాలి.

"చెయ్యి తెరువు బావా."

తెరవలేదు. తరవాత తెరిచాడు, ఒక్కో వేలూ.

"పద" అంది.

పిట్టగోడ దాటేదాకా అతని బరువంతా ఆమె చేతిమీదే ఉంది. తరవాత బరువు లేదు. మండుతున్న గొట్టం కళ్ళపక్కనుంచి పైకి పోయింది. అది పోగానే ఆమె అతన్ని పక్కకు నెట్టి వదిలేసింది. అతను ఆమెనుంచి దూరంగా వెళ్ళిపోవటం చూసింది. కోటు రెక్కలు లేచాయి, చేతులు చాచి ఉన్నాయి, గెడ్డం ఛాతీకి ఆని ఉంది. కళ్ళు మాత్రం మూసుకోలేదు, ఆమెనే చూస్తున్నాయి. ఆమె ఒళ్ళు తిప్పుకుని భుజంమీద పడింది. పెట్టెలు రెండుచోట్ల విడివిడిగా నలిగాయి. ఆ రెండో చప్పుడు విన్నాకే ఆమె ఊపిరి వదిలింది.

డైరెక్టరు తెరమీద చూసుకుని, సరే, అన్నాడు. హీరోయిన్ పరిగెత్తుకొచ్చి ఉడతను కావలించుకుని, ఆమె పొడవు జుట్టులో చిక్కుకున్న అట్టముక్కలు తీసి, బాగా దూకామంది. కెమెరా సరంజామా వెనక్కి జరిపి, ఇంక ఆలస్యం చేయకుండా ప్రెసిడెంటుగారి ఇల్లు అంటించారు. స్తంభాలు చాలా తొందరగా కాలాయి. పెయింటరు తన లుంగీ ముందే తీసేసుకున్నాడు. అందరూ దూరంగా నిలబడి చూశారు. రబ్బరు నలిగిన పెట్టెలమీదే కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. అతను ఆమె పక్కటెముకల మీద చెయ్యి వేయబోయి, నొప్పి ఎక్కడో తెలియక, గాల్లో ఆపేశాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని సరైన చోట పెట్టింది.

మాస్టరు కుంటుకుంటూ వచ్చాడు. రేపు పొద్దున రోడ్డుమీద పనన్నాడు. ఆఫీసరమ్మ ప్రహరీగోడ మీంచి, కింద పోతున్న వ్యాను టాపు మీదికి దూకాలి. ఇద్దరి మధ్యా ఎక్కడో చూస్తూ ఆ మాట చెప్పి ఆగాడు.

రబ్బరు పై పెదవి మీది జిగురు గోటితో గోక్కుంటున్నాడు.

"నన్ను కాదు మాస్టారూ. తననడగండి" అన్నాడు. లేచి, పనికొచ్చే పెట్టెలేమైనా మిగిలాయేమో ఏరటానికి వెళ్ళిపోయాడు.

మాస్టరు ఆమెవైపు తిరిగాడు. ఆమె అరచేయి పక్కటెముకలకు ఆనించి నిండుగా ఊపిరి పీల్చి చూసుకుంది. ఇంకోసారి పీల్చింది. వంగి చెప్పులు తొడుక్కుంది.

"వ్యాను తోలేదెవరు?" అని అడిగింది.